కొత్త కుక్కపిల్ల రాత్రంతా క్రేట్‌లో పడుకోవాలంటే: తిరుపతి ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కపిల్ల వచ్చిన ఇంటిని కనుక్కోవడం తేలిక. మూడో రోజుకి ఆ ఇంట్లో అందరి కళ్లూ ఎర్రగా ఉంటాయి. బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఇప్పటికి మూడు పిల్లల్ని పెంచాం. ఒకటి ల్యాబ్ (లాబ్రడార్), రెండు వీధిలోంచి తెచ్చుకున్నవి. మూడూ క్రేట్‌లో పడుకోవడం నేర్చుకున్నాయి కానీ మొదటిదానితో చేయకూడని తప్పులన్నీ చేశాను. ఆ సంగతి తెలిసిన ఇరుగుపొరుగు వాళ్లు, చిత్తూరులో ఉన్న మా చుట్టాలు అర్ధరాత్రి ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలే ఇవి.

క్రేట్ అంటే బోనే కదా? పసిదాన్ని అందులో పెట్టి మూయడం పాపం కాదా?

మా అవ్వ మొదటిరోజు అన్న మాట ఇదే. "ఏందిరా, పసిబిడ్డను ఎలకల బోనులో ఏసి మూస్తిరే!" అని సాయంత్రమంతా గొణిగింది.

వీధిలో ఈనబోయే కుక్కను గమనించండి. నడివీధిలో ఈనదు. కల్వర్టు కింద, కడుతున్న ఇంటి మెట్ల కింద, ఇసుక కుప్ప పక్కన గుంట తవ్వుకుని, ఎక్కడ ఇరుకుగా, చీకటిగా ఉంటే అక్కడ చేరుతుంది. పిల్లలు కళ్లు తెరిచేది అలాంటి చోటే. మూడు వైపులా అడ్డం ఉన్న చిన్న జాగా కుక్కకు కొత్త కాదు. తలుపు మూయడమే కొత్త. దాన్ని మెల్లగా అలవాటు చేయాలి.

క్రేట్ బోనుగా మారేది మన వల్లే. పగలంతా అందులో పడేసినా, చెప్పు కొరికిందని కోపంతో అందులోకి తోసినా అది జైలే అవుతుంది. శిక్షకు క్రేట్ వాడొద్దు, ఒక్కసారి కూడా. పిల్లలున్న ఇంట్లో ఇంకో నియమం: కుక్కపిల్ల లోపల ఉన్నప్పుడు ఎవరూ వేలు పెట్టి గెలకకూడదు.

ఎన్ని రోజుల పిల్లని తెచ్చుకోవాలి?

కనీసం 8 వారాలు. మన దగ్గర అమ్మేవాళ్లందరూ "45 రోజుల పిల్ల సార్" అంటారు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే 56 రోజులు. తల్లి దగ్గర, తోడబుట్టిన వాటితో గడిపే ఆ చివరి రోజుల్లోనే ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆగాలో నేర్చుకుంటాయి.

మా ల్యాబ్‌ని కొన్న దుకాణంలో 45 రోజులన్నారు. డాక్టరు నోరు తెరిచి పళ్లు చూసి, నెల దాటి ఎన్నాళ్లో కాలేదన్నాడు. అది రాత్రంతా ఏడ్చింది తల్లి కోసం, ఆకలితో. నేనేమో క్రేట్ నచ్చలేదనుకున్నాను. మీ పిల్ల మరీ చిన్నదని అనుమానం వస్తే ముందు పళ్లు చూపించండి, క్రేట్ సంగతి తర్వాత.

ఎంత సైజు, ఎలాంటి క్రేట్ కొనాలి?

కుక్క లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి చాలాలి. అంతకంటే పెద్దదైతే ఒక మూల పడకగది, ఇంకో మూల బాత్రూమ్ చేసుకుంటుంది. పెరిగాక సరిపోయే సైజు కొని, మధ్యలో అడ్డం పెట్టే జాలీ ఉన్నది తీసుకుంటే డబ్బు మిగులుతుంది. పెద్ద ల్యాబ్‌కి 42 అంగుళాలది, మన నాటు కుక్కకి 36 అంగుళాలది మామూలుగా సరిపోతాయి.

మన ఎండలకు ఇనుప కమ్మీల క్రేటే మేలు, గాలి ఆడుతుంది. పైన పాత నూలు చీర కప్పి ముందువైపు వదిలేయండి. కింద పాత లుంగీయో తువ్వాలో చాలు. ఖరీదైన స్పాంజి పరుపు వేస్తే పొద్దున్నకి గదంతా దూదే. స్పాంజి మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది కూడా.

లోపల పెట్టేముందు మెడపట్టీ తీసేయండి. కమ్మీలకు తగులుకుని మెడ బిగుసుకుపోయే ప్రమాదముంది. మర్చిపోకుండా మేము పట్టీని క్రేట్ పక్క మేకుకే తగిలిస్తాం.

క్రేట్ ఎక్కడ పెట్టాలి? హాల్లోనా, బాల్కనీలోనా?

మీ మంచం పక్కన. మొదటి రెండు మూడు వారాలు ఇంకెక్కడా వద్దు.

నిన్నటిదాకా ఐదారు పిల్లల మధ్య ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయిన జీవి అది. ఇవాళ వాసన కొత్త, నేల కొత్త, పక్కన ఎవరూ లేరు. మీ ఊపిరి వినిపించినా, చెయ్యి కిందికి వేలాడేస్తే వాసన తగిలినా సగం భయం తగ్గుతుంది. అలవాటయ్యాక క్రేట్‌ని రోజుకి ఒక అడుగో రెండడుగులో తలుపు వైపు జరుపుతూ, చివరికి హాల్లోకి తీసుకెళ్లొచ్చు. తొందరేం లేదు.

మిద్దె మీద, రేకుల షెడ్డులో, కాంపౌండ్‌లో వద్దు. రేకు కింద రాత్రి కూడా ఉడుకే. పైగా కొండ అంచున ఉన్నవాళ్లం మనం. అలిపిరి వైపు, యూనివర్సిటీల వైపు చిరుతలు కనిపించాయన్న వార్త ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నాం. చిరుతకి కుక్క ఇష్టమైన ఆహారం. క్రేట్‌కున్న చిన్న గడియ చిరుతను ఆపదు.

మొదటి రాత్రి ఏం చేయాలి?

వీలైతే పిల్లని పొద్దున్నే ఇంటికి తెచ్చుకోండి. క్రేట్‌కి అలవాటు పడటానికి ఒక పగలు దొరుకుతుంది. రాత్రి 9కి తెచ్చి నేరుగా లోపల పెట్టి మూస్తే ఏడవక ఏం చేస్తుంది?

ఆ పగలు క్రేట్ తలుపు తీసే ఉంచండి. అన్నం గిన్నె మొదట క్రేట్ వాకిట్లో, తర్వాత లోపల, ఆ తర్వాత చివరి మూలలో పెట్టండి. తనంతట తాను లోపలికి పోతే చిన్న ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వండి. తింటున్నప్పుడు తలుపు మూసి, తినేలోపే తీసేయండి. ఆ తర్వాత ఒక నిమిషం, ఐదు నిమిషాలు. ఎప్పుడూ ఒకే మాట వాడండి. మేము "పడక" అనేవాళ్లం, అవ్వ "పండుకో" అనేది. పాపం ఆ పిల్ల వారం రోజులు ఎవరి మాట వినాలో తెలీక ఇద్దరి మొహాలూ చూసింది.

తల్లి దగ్గరి నుంచి తెచ్చేటప్పుడు ఒక పాత గుడ్డను తల్లికి, పిల్లలకు బాగా రుద్ది తెచ్చుకోండి. క్రేట్‌లో అదే మందు. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాను మందపాటి తువ్వాల్లో చుట్టి ఒక పక్కన పెట్టొచ్చు.

రాత్రి 8 నుంచి కాస్త ఆడించండి, కానీ పడుకునే ముందు అరగంట నెమ్మదిగా ఉండనివ్వండి. బాగా అలిసిన పసిపిల్లాడు నిద్రపోకుండా మారాం చేసినట్టే ఇవీ చేస్తాయి. పడుకోబెట్టే ముందు బయటికి తీసుకెళ్లి ఒంటికి పోయేదాకా నిలబడండి. పోయాక మెచ్చుకుని, లోపల పెట్టి, లైటు తీసేయండి.

ఏడుస్తోంది. బయటికి తీయాలా, వదిలేయాలా?

ఎక్కువమంది ఫోన్ చేసేది దీనికే.

"ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అని మొదటిసారి నాకు ముగ్గురు చెప్పారు. విన్నాను. క్రేట్‌ని హాల్లో పెట్టి, పడకగది తలుపేసుకుని, చెవుల మీద దిండు పెట్టుకున్నాను. మొదటి రాత్రి గంటన్నర ఏడ్చింది. రెండో రాత్రీ అంతే. మూడో రోజు పగలు చికెన్ ముక్క వేసినా క్రేట్ దరిదాపులకు రాలేదు. పొద్దున చూస్తే గుడ్డంతా తడి. పాపం అది ఏడ్చింది బయటికి తీసుకెళ్లమనే. ఆ రెండు రాత్రుల తప్పు సరిదిద్దడానికి మూడు వారాలు పట్టింది.

రెండోదాన్ని మంచం పక్కన పెట్టుకున్నాం. నాలుగో రాత్రికి కుదుటపడింది.

ఏడుపులన్నీ ఒకటి కావు. వింటూ ఉంటే తేడా తెలుస్తుంది. లోపల పెట్టిన కొత్తల్లో కుయ్ కుయ్‌మని, ఆగి, మీరేమైనా కదిలారా అని చెవులు రిక్కించి విని, మళ్లీ మొదలెట్టేది మారాం. చెయ్యి కిందికి వేలాడేసి "ష్" అని ఒక్కసారి అనండి, ఐదు పది నిమిషాలు ఓపిక పట్టండి. మామూలుగా సద్దుమణుగుతుంది.

బాగా నిద్రపోయి లేచి, గుండ్రంగా తిరుగుతూ, తలుపు గీకుతూ, గొంతు పెంచుకుంటూ పోతే అది ఒంటికి వచ్చింది. లేవండి, వెంటనే. అయితే ఈ ప్రయాణం చప్పగా ఉండాలి. పెద్ద లైటు వద్దు, ముద్దులు వద్దు, ఆటలు వద్దు. ఎత్తుకుని ఒకే చోటికి తీసుకెళ్లండి, అయిపోగానే మళ్లీ లోపలికి. రాత్రి 2 గంటలకు బంతి విసిరారా, రేపటి నుంచి 2 కాగానే బంతి కోసమే లేస్తుంది.

మూడో రకం అసలు ఆగదు. చొంగ కారుతుంది, కమ్మీలు కొరుకుతుంది, వగరుస్తుంది. అది భయం. అప్పుడు పట్టుదలకు పోకండి. బయటికి తీసి, పక్కన కూర్చుని శాంతపరచండి. ఆ రాత్రి క్రేట్ తలుపు తీసి, దాని ముందే మీరు పడుకున్నా పర్వాలేదు. తెల్లారాక మళ్లీ ఒక నిమిషం, రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టండి.

గట్టిగా అరవడం, క్రేట్‌ని చేత్తో బాదడం దేనికీ పనికిరావు. భయపడి నోరు మూసుకుంటుందేమో కానీ క్రేట్ మీద నమ్మకం పోతుంది.

రాత్రి ఎన్నిసార్లు లేవాలి?

పగటి లెక్క ఒకటుంది. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, సుమారు అన్ని గంటలు ఆపుకోగలదు. 2 నెలల పిల్లైతే 3 గంటలు. రాత్రి నిద్రలో ఇంకాస్త ఎక్కువ ఆపుతుంది. కాబట్టి మొదటి వారాల్లో 11కి పడుకోబెడితే 2 ప్రాంతంలో ఒకసారి, 5కి ఒకసారి లేవాల్సిందే. అది ఏడ్చేదాకా ఆగకుండా మీరే అలారం పెట్టుకుని లేస్తే ఇంకా మంచిది, ఏడిస్తేనే తలుపు తెరుచుకుంటుందన్న పాఠం నేర్చుకోదు. గుడ్డ పొడిగా ఉంటే మూడు నాలుగు రోజులకోసారి అలారాన్ని పావుగంట ఆలస్యం చేయండి.

మా ఇంట్లో 2 గంటల డ్యూటీ నాది, 5 గంటలది మా ఆయనది. ఒక్కరే చేస్తే వారానికి కుక్క మీద కోపమొస్తుంది.

టీకాలన్నీ పూర్తికాకముందు వీధిలో దించకండి. వీధి కుక్కలు తిరిగే మట్టిలో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్) ఉండొచ్చు. సొంత పెరడు ఉంటే అక్కడే. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో ట్రేలో మట్టి పోసి, లేదా న్యూస్‌పేపర్ పరిచి అలవాటు చేయండి.

రాత్రి ఏం పెట్టాలి? నీళ్లు ఆపేయాలా?

చివరి భోజనం పడుకోవడానికి 3 గంటల ముందు. 10:30కి పడుకోబెడితే 7:30కి. కొందరు పొట్ట నిండితే బాగా పడుకుంటుందని 10 గంటలకు గిన్నెడు పాలు పోస్తారు. ఆవుపాలు చాలా పిల్లలకు పడవు. 1 గంటకు విరేచనాలు, ఆపైన మీకు జాగారం.

నీటి గిన్నె పడుకునే ముందు గంట, గంటన్నర తీసేయొచ్చు. ఎండాకాలంలో ఈ సలహా పాటించకండి. కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండండి, ఒకసారి ఎక్కువ లేవాల్సి వస్తే లేవండి.

తిరుపతి వాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. ఇంట్లో ఎప్పుడూ లడ్డూ ఉంటుంది, ప్రసాదమే కదా అని చిన్న తునక నోట్లో పెడతారు. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్ కూడా వద్దు. మా అవ్వ దండం పెట్టుకుని ప్రసాదం తానే తినేస్తుంది, కుక్కకి ఒక ముక్క క్యారెట్ ఇస్తుంది.

ఎండాకాలంలో ఎలా? కరెంటు పోతే?

మే నెలలో మన గోడలు రాత్రి 11కి కూడా సెగ కక్కుతుంటాయి. అప్పుడు చీర కప్పకండి. క్రేట్‌ని బండల నేల మీద, ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. ప్లాస్టిక్ ట్రే వేడెక్కితే తీసి, తడిపి పిండిన గుడ్డ పరచండి. గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాల్లో చుట్టి ఒక మూల పెడితే కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ లేకపోతే క్రేట్ తలుపు తీసి నేల మీద పడుకోనివ్వండి. అలవాటు చెడితే మళ్లీ నేర్పొచ్చు. ఆగకుండా వగరుస్తూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి తూలుతుంటే వడదెబ్బ. మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, గాలి విసురుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఐస్ నీళ్లు పోయొద్దు.

దోమల కాయిల్ మూసిన గదిలో వెలిగించొద్దు. మంచానికి, క్రేట్‌కి కలిపి ఒకే దోమతెర కడితే సరి.

మా ఇంట్లో తెల్లవారుజామున 4కే లేస్తారు. వాళ్లతోపాటు కుక్కపిల్లా లేస్తోంది.

తిరుపతిలో ఇది తప్పదు. ఎవరో ఒకరు సుప్రభాతం పెడతారు, ధనుర్మాసంలో వీధి గుడి మైకు ముందే మొదలవుతుంది. చప్పుడు వల్ల లేచినా మీరు మాట్లాడించకపోతే, రెండు వారాల్లో ఆ చప్పుడుకీ తనకీ సంబంధం లేదని తెలుసుకుంటుంది. ఒంటికి తీసుకెళ్లి మళ్లీ పడుకోబెట్టండి. 4కి అన్నం మాత్రం పెట్టకండి. ముగ్గు వేసే మా అత్తగారు దానికోసం రోజూ ఒక బిస్కెట్ కొంగున కట్టుకుని వచ్చేది. మాకు చాలా రోజులు ఆ రహస్యం తెలీలేదు.

క్రేట్‌లోనే ఒంటికి పోసింది. ఏం చేయాలి?

తిట్టకండి, ముక్కు అందులో రుద్దకండి. అలారం ఆలస్యమైంది, లేదా క్రేట్ పెద్దదైంది. గుడ్డ మార్చి, ట్రేని సబ్బునీళ్లతో కడిగి, సగం నీళ్లు సగం వెనిగర్‌తో తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది. ఫినాయిల్ వద్దు, పిల్ల ఆ నేలను నాకుతుంది. అలారం సరిగ్గానే ఉన్నా పదే పదే చుక్కలు చుక్కలుగా పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి.

పక్కలో పడుకోబెట్టుకుంటే పోదా?

పోవచ్చు, మీ ఇష్టం. పెద్దయ్యాక 30 కిలోలతో అదే పక్క అడుగుతుందని గుర్తుంచుకోండి.

పగలు ఆఫీసుకు వెళ్తాం. 8 గంటలు క్రేట్‌లో ఉంచొచ్చా?

వద్దు. ఈ వయసులో పగలు రెండు మూడు గంటలకు మించి మూయకూడదు. పగలంతా మూసిన పిల్ల రాత్రి పడుకోదు కూడా. ఇంట్లో ఎవరూ లేకపోతే చుట్టూ కంచెలాంటి ప్లేపెన్ పెట్టండి, మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చూసే ఏర్పాటు చేసుకోండి. ఆ ఏర్పాటు కుదరకపోతే ఇప్పుడప్పుడే పిల్లని తెచ్చుకోకండి. ఈ మాటకు ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు.

జాతర డప్పులకు, టపాసులకు భయపడుతోంది.

మే నెలలో గంగమ్మ జాతర ఇక్కడా, చిత్తూరులోనూ జరుగుతుంది. ఆ రాత్రులు, దీపావళి రాత్రి క్రేట్‌ని ఇంటి లోపలి గదికి మార్చి, కిటికీలు మూసి, ఫ్యాను వేగంగా పెట్టండి. తలుపు తెరిచే ఉంచండి. దాక్కోవాలనిపిస్తే అదే లోపలికి పోతుంది. భయంతో ఉన్నదాన్ని లోపలికి నెట్టి గడియ వేయడం వద్దు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

వాంతులు, రక్తంతో విరేచనాలు, తిండి మానేసి మూలన ముడుచుకోవడం కనిపిస్తే పార్వో కావచ్చు. తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, చిన్నపిల్లల్లో గంటల్లో పరిస్థితి మారుతుంది. రాత్రంతా గోక్కుంటూ నిద్రపోకపోతే గోమార్లు ఉన్నాయేమో చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకండి. పొట్ట ఉబ్బి, వెంట్రుక కాంతి లేకపోతే నులిపురుగులు. నులిపురుగుల మందు 3 నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి వేయిస్తారు. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాల దాకా సాగుతాయి. రేబిస్ టీకా 3 నెలలకు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం, 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఊళ్లోనే ఉంది. ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ ఆసుపత్రి ఉంది. రాత్రిపూట చూసే డాక్టరు నంబరు మాత్రం పిల్ల ఇంటికి వచ్చిన రోజే ఫోన్‌లో పెట్టుకోండి.

ఆటలో పిల్ల పన్ను దిగి రక్తం వస్తే సబ్బుతో పావుగంట ధారగా కడిగి, మీరూ డాక్టరుకు చూపించుకోండి. చిన్నపిల్లే కదా అనుకోవద్దు.

ఎన్నాళ్లకు రాత్రంతా పడుకుంటుంది?

చాలావరకు 4 నెలలు వచ్చేసరికి ఆరేడు గంటలు లేవకుండా పడుకుంటాయి. కొన్ని ముందే, కొన్ని ఇంకో నెల ఆలస్యంగా. మధ్యలో పళ్లు మారేటప్పుడు ఒక వారం మళ్లీ మొదటికొస్తుంది, కంగారుపడకండి. తడిపి గడ్డకట్టించిన గుడ్డ కొరకనివ్వండి.

తలుపు మూయడం ఎప్పుడు మానాలంటే, కొరకడం తగ్గి, ఇల్లు పాడుచేయదన్న నమ్మకం కుదిరాక. మా మూడోది ఏడాది దాటింది. క్రేట్ తలుపు ఊడదీసి చాలా రోజులైంది, అయినా రాత్రి పదిన్నర కాగానే తనే వెళ్లి అందులో ముడుచుకుంటుంది. ఊడదీసిన తలుపు మిద్దె మీద ఉంది. ఎండాకాలంలో అవ్వ దానిమీద తెల్లగుడ్డ పరిచి వడియాలు పెడుతుంది.